చిన్న మార్కెట్ బేస్‌బాల్ జట్టు ట్రేడ్‌లను, ఖర్చును అంచనా వేయడం ఎలా

అమెరికా ప్రధాన బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఆటగాళ్ల జీతాలకు గట్టి పరిమితి అంటూ ఏదీ లేదు. ఒక హద్దు దాటిన జట్టు లగ్జరీ ట్యాక్స్ కడితే సరిపోతుంది. 2025లో ఆ హద్దు 24.1 కోట్ల డాలర్లు. అందువల్ల లీగ్‌లోకెల్లా చిన్న టీవీ మార్కెట్ (స్థానిక టీవీ ప్రేక్షకులు అతి తక్కువగా ఉన్న చోటు) అయిన మిల్వాకీలో ఆడే బ్రూయర్స్ జట్టు, లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ వంటి సంపన్న జట్టుతో అవే నిబంధనల కింద పోటీ పడవలసి వస్తోంది. 2024 సీజన్‌కు డాడ్జర్స్ కట్టిన లగ్జరీ ట్యాక్స్ ఒక్కటే 10 కోట్ల డాలర్లు దాటింది. ఆ మొత్తం బ్రూయర్స్ ఆటగాళ్లందరి ఏడాది జీతాలకు దరిదాపుల్లో ఉంటుంది. ఇటువంటి జట్టు పేరున్న ఆటగాడిని వదులుకున్న రోజున యాజమాన్యాన్ని పిసినారి అనడం ఎంత సులువో, మహా తెలివైనదని మెచ్చుకోవడమూ అంతే సులువు. అలా తీర్పు చెప్పే ముందు ఏమేమి చూడాలో, ఏ వరుసలో చూడాలో బ్రూయర్స్ నిర్ణయాలనే ఉదాహరణగా తీసుకొని వివరిస్తాను.

ముందుగా ప్రతి ముఖ్యమైన ఆటగాడి పేరు పక్కన అతని సర్వీస్ టైమ్ రాసుకోండి. జీతం సంగతి తరువాత చూడవచ్చు. ప్రధాన జట్టులో 172 రోజులు గడిపితే అది ఒక ఏడాది సర్వీస్‌గా లెక్కకు వస్తుంది. ఆరేళ్లు పూర్తయ్యే వరకు ఆటగాడు ఫ్రీ ఏజెంట్ (ఏ జట్టుతోనైనా ఒప్పందం చేసుకోగలవాడు) కాలేడు. మొదటి మూడేళ్లు అతనికి దాదాపు కనీస జీతమే ముడుతుంది. 2025లో అది 7,60,000 డాలర్లు. ఆ తరువాతి మూడేళ్లలో ఆర్బిట్రేషన్ (జీతంపై మధ్యవర్తుల తీర్పు) ద్వారా జీతం ఏటేటా పెరుగుతూ పోతుంది. రెండేళ్లు నిండి మూడో ఏడు నిండనివారిలో సర్వీస్ ఎక్కువగా ఉన్న 22 శాతం మందికి ఆ అవకాశం ఏడాది ముందే వస్తుంది. కాబట్టి సమానమైన ప్రతిభ ఉన్న ఇద్దరు పిచ్చర్లలో (బంతి విసిరేవారిలో) ఒకరు జట్టుకు ఎనిమిది లక్షల డాలర్లలోపు దొరికితే, మరొకరికి రెండు కోట్లు ఇవ్వవలసి రావచ్చు. చిన్న మార్కెట్ జట్టుకు అసలైన పెట్టుబడి ఈ చవక ఏళ్లే, దాని ప్రతి ట్రేడ్ (జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడి) వెనకా ఉండే లెక్క కూడా ఇదే.

ఆర్బిట్రేషన్ దగ్గర ఒక్క క్షణం ఆగాలి, ఎందుకంటే పొదుపు ఎక్కడ హద్దు మీరుతుందో అక్కడే బాగా కనిపిస్తుంది. విచారణలో ఆటగాడు ఒక అంకె, జట్టు ఒక అంకె ముందుంచుతారు; ప్యానెల్ ఆ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోవాలే తప్ప మధ్యేమార్గం చెప్పడానికి వీల్లేదు. 2021లో సై యంగ్ అవార్డు (ఉత్తమ పిచ్చర్‌కు ఇచ్చేది) గెలిచిన కార్బిన్ బర్న్స్ 2023 సీజన్‌కు 1.075 కోట్ల డాలర్లు అడిగాడు, బ్రూయర్స్ 1.001 కోట్లు ఇస్తామన్నారు, కేసు జట్టే గెలిచింది. తన విలువను తగ్గించి చూపేందుకు జట్టు వినిపించిన వాదనలతో సంబంధం దెబ్బతిన్నదని బర్న్స్ బహిరంగంగానే చెప్పాడు. మిగిలింది 7,40,000 డాలర్లు. జట్టుకు మూలస్తంభమైన పిచ్చర్ విషయంలో ఇది చేయదగిన పొదుపు కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇక ట్రేడ్‌ల విషయం. ఇక్కడ అడగవలసిన ప్రశ్నలు మూడు: వెళ్లిన ఆటగాడిపై జట్టుకు ఇంకా ఎన్నేళ్ల హక్కు (అతను ఫ్రీ ఏజెంట్ అయ్యేలోపు మిగిలిన కాలం) ఉండేది, వచ్చినవారిపై ఎన్నేళ్ల హక్కు దొరికింది, వచ్చినవారు ఆ తరువాత మరెవరిగా మారారు. ఈ మూడో ప్రశ్ననే చాలామంది మరచిపోతారు. 2022 ఆగస్టు 1న బ్రూయర్స్ తమ డివిజన్‌లో మొదటి స్థానంలో ఉండగానే క్లోజర్ (మ్యాచ్ చివర్లో ఆధిక్యాన్ని కాపాడే పిచ్చర్) జాష్ హేడర్‌ను శాన్ డియేగో పాడ్రేస్‌కు ఇచ్చి టేలర్ రోజర్స్, డినెల్సన్ లామెట్, ఎస్తేయురీ రూయిజ్, రాబర్ట్ గాసర్‌లను తీసుకున్నారు. లామెట్‌ను రెండు రోజుల్లోనే జాబితా నుంచి తప్పించారు. డ్రెస్సింగ్ రూమ్‌లో నిరుత్సాహం అలుముకుంది; జట్టు 86 గెలుపులతో ఆగి, 87 గెలిచిన ఫిలడెల్ఫియాకు చివరి ప్లేఆఫ్ (సీజన్ తరువాతి నాకౌట్ దశ) స్థానం వదులుకుంది. ఆ అక్టోబరులో ఎవరైనా ఈ ట్రేడ్‌ను తప్పు అని ఉంటే వారితో వాదించడం కష్టం.

అయితే ఆ డిసెంబరులోనే అట్లాంటా, ఓక్లాండ్, మిల్వాకీల మధ్య జరిగిన ముక్కోణపు ట్రేడ్‌లో బ్రూయర్స్ రూయిజ్‌ను ఓక్లాండ్‌కు పంపి, క్యాచర్ (పిచ్చర్ విసిరిన బంతిని అందుకునేవాడు) విలియం కాంట్రెరస్‌ను, రిలీవర్ (మ్యాచ్ మధ్యలో దిగే పిచ్చర్) జోయెల్ పయాంప్స్‌ను సంపాదించారు. హేడర్ జట్టులోనే ఉంటే 2023 చివర ఫ్రీ ఏజెంట్ అయి వెళ్లిపోయేవాడు. కాంట్రెరస్‌పై హక్కు మాత్రం 2027 వరకు దక్కింది. మ్యాచ్‌కు ఒక ఇన్నింగ్స్ వేసే పిచ్చర్‌కు చెందిన ఏడాదిన్నర లోపు కాలం, చివరకు రోజూ ఆడే క్యాచర్‌కు చెందిన ఐదు సీజన్లుగా మారింది. అందుకే ట్రేడ్‌ను ఒక్కరోజు వార్తగా చదవకుండా గొలుసుగా రాసుకోమని సలహా ఇస్తాను: ఒక కాగితం మీద వెళ్లిన పేరు రాసి, దాని కింద వచ్చిన పేర్లు, వాటి కింద అవి తెచ్చిన పేర్లు, పక్కన హక్కు ముగిసే సంవత్సరం. అదే సమయంలో, 2022లో చేజారిన ప్లేఆఫ్ స్థానాన్ని కూడా ఆ కాగితం మీద నష్టం కింద రాయాలి. భవిష్యత్తు లాభం చూపించి వర్తమానపు నష్టాన్ని కొట్టివేయడం అభిమానికి న్యాయం కాదు.

ఒప్పందంలో ఒకే ఏడాది మిగిలిన ఆటగాడి విషయంలో పోల్చవలసింది వేరు. అక్కడ ప్రత్యామ్నాయం అతన్ని ఆ ఏడాది ఆడించి, చివర్లో క్వాలిఫైయింగ్ ఆఫర్ (లీగ్ నిర్ణయించిన మొత్తానికి ఏడాది ఒప్పందం) ఇచ్చి, అతను మరో జట్టుకు వెళితే పరిహారంగా డ్రాఫ్ట్ (కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే ప్రక్రియ) ఎంపిక పొందడం. బ్రూయర్స్ రెండు దారుల్లోనూ నడిచారు. 2024 ఫిబ్రవరిలో బర్న్స్‌ను బాల్టిమోర్‌కు ఇచ్చి జోయీ ఓర్టిజ్‌ను, డీఎల్ హాల్‌ను, ఒక డ్రాఫ్ట్ ఎంపికను తీసుకున్నారు. ఆ డిసెంబరులో డెవిన్ విలియమ్స్‌ను యాంకీస్‌కు పంపి నెస్టర్ కోర్టెస్‌ను, కేలబ్ డర్బిన్‌ను తెచ్చుకున్నారు. షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలిచే ఫీల్డర్) విల్లీ అడామెస్‌ను మాత్రం 2024 పూర్తిగా ఆడించి, అతను శాన్ ఫ్రాన్సిస్కోతో 18.2 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాక డ్రాఫ్ట్ ఎంపికతో సరిపెట్టుకున్నారు. ఈ తేడాకు కారణాన్ని జట్టు అవసరాల్లోనే వెతకాలి: ఆ స్థానంలో ఆడగల కుర్రాడు అప్పటికే సిద్ధంగా ఉన్నాడా అన్నది ముఖ్యం. 2025లో అడామెస్ స్థానంలో ఓర్టిజ్, మూడో బేస్ వద్ద డర్బిన్ ఆడగా జట్టు 97 గెలుపులతో లీగ్ మొత్తంలో అగ్రస్థానంలో నిలిచింది. జాతీయ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు భాగాల్లో ఒకటి) ఫైనల్‌లో అదే జట్టు డాడ్జర్స్ చేతిలో 4-0తో ఓడిందన్నదీ నిజమే.

దీర్ఘకాలిక ఒప్పందాన్ని చూసేటప్పుడు మొత్తం అంకె కన్నా, ఏ వయసుకు చెందిన ఏళ్లను కొన్నారో, ఏడాది జీతాల్లో ఒకే వ్యక్తి వాటా ఎంతో గమనించండి. 2018లో ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అయిన క్రిస్టియన్ యెలిచ్‌తో 2020 మార్చిలో బ్రూయర్స్ తొమ్మిదేళ్లకు 21.5 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకున్నారు. 2019లో 44 హోమ్ రన్లు కొట్టిన అతను వెన్ను బాధతో 2021లో తొమ్మిదే కొట్టగలిగాడు. పెద్ద మార్కెట్ జట్టు అలాంటి ఏడాదిని మరో ఆటగాడిని కొని దాటేస్తుంది. జీతాల్లో దాదాపు అయిదో వంతు ఒక్కరికే వెళ్లే జట్టుకు ఆ వెసులుబాటు ఉండదు. అందుకు భిన్నంగా 2023 డిసెంబరులో, ఇంకా ప్రధాన జట్టులో ఒక్క మ్యాచ్ కూడా ఆడని పంతొమ్మిదేళ్ల జాక్సన్ చూరియోకు ఎనిమిదేళ్లకు 8.2 కోట్ల డాలర్లు ఇచ్చి, మరో రెండేళ్లు కొనసాగించుకునే హక్కును జట్టు తన దగ్గరే ఉంచుకుంది. మామూలుగా ఆరేళ్లే ఉండే హక్కు అలా పదేళ్ల దాకా సాగింది. 2024లో అతను 21 హోమ్ రన్లు కొట్టి 22 బేస్‌లు దొంగిలించాడు (బంతిని ఎవరూ కొట్టకుండానే తరువాతి బేస్‌కు పరుగెత్తాడు). తెలియని కుర్రాడి మీద డబ్బు పెట్టడం సాహసమే. అయినా చిన్న జట్టు చేయవలసిన సాహసం ఇదేనని నా అభిప్రాయం, ఎందుకంటే ఇక్కడ పొరబడినా జట్టు మొత్తం కుదేలు కాదు.

ఏడాది ఒప్పందాలు, మైనర్ లీగ్ (ప్రధాన లీగ్‌కు కింది స్థాయి) ఒప్పందాలు, ఇతర జట్లు వదిలేసిన పిచ్చర్లను తెచ్చుకోవడం వంటివాటి మీద ఎక్కువ సమయం పెట్టనవసరం లేదు. అవి చాలావరకు ఖాళీలు పూరించడానికే.

చివరగా యజమాని ఖాతా చూడాలి. ప్రతి జట్టూ తన స్థానిక నికర ఆదాయంలో 48 శాతాన్ని ఉమ్మడి నిధిలో వేస్తుంది, ముప్పై జట్లూ దాన్ని సమానంగా పంచుకుంటాయి, అంటే చిన్న మార్కెట్ జట్లకు పోయినదాని కన్నా వచ్చేదే ఎక్కువ. ఆ డబ్బును జట్టు ఆటను మెరుగుపరచడానికే వాడాలని లీగ్‌కు, ఆటగాళ్ల సంఘానికి మధ్య ఉన్న ఒప్పందం చెబుతుంది. అలా వాడలేదంటూ 2018లో సంఘం టాంపా బే, మయామి, ఓక్లాండ్, పిట్స్‌బర్గ్ జట్లపై ఫిర్యాదు చేసింది. మిల్వాకీ విషయంలో మరొకటి కూడా కలపాలి: 2023 డిసెంబరులో విస్కాన్సిన్ రాష్ట్ర చట్టం వారి స్టేడియం మరమ్మతులకు దాదాపు 50 కోట్ల డాలర్ల ప్రజాధనం కేటాయించింది, బదులుగా జట్టు 2050 వరకు అక్కడే ఆడాలి. కాబట్టి ఖరీదైన ఆటగాడు వెళ్లిన ప్రతిసారీ అతని జీతాన్ని ఒక పక్కన రాసి, తరువాతి రెండు సీజన్ల జీతాల మొత్తాన్ని ఎదురుగా పెట్టండి. పాత ఒప్పందాల పొడిగింపుల్లోనో, కొత్త ఆటగాళ్లలోనో ఆ డబ్బు తిరిగి కనిపిస్తే ట్రేడ్‌ను ఆట లెక్కల్లోనే తూచవచ్చు. ఎక్కడా కనిపించకపోతే అడగవలసింది జనరల్ మేనేజర్‌ను కాదు, యజమానిని.