లా పాజ్‌కి ఒంటరిగా వెళ్తున్నారా? మొదటి రోజుల జాగ్రత్తలు

జూన్, జులైకి బొలీవియా టికెట్ తీసుకున్నవాళ్ల కోసం.

- లా పాజ్ చాలా ఎత్తున ఉన్న ఊరు, గాలి పలచన. అందుకే మొదటి రోజు తలనొప్పి, కాస్త వికారం చాలామందికి వస్తాయి, టెన్షన్ అక్కర్లేదు. కానీ ఊరికే కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, నడుస్తుంటే తూలుతున్నా "పొద్దున చూద్దాంలే" అని పడుకోవద్దు. ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరుతూ ఉండొచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, ఎత్తు దిగాలి. తికమక మొదలైతే ఆ సంగతి మీకే తెలియదు, పక్కన చెప్పేవాళ్లూ ఉండరు, అందుకే పొద్దున ఒకసారి తలుపు తట్టమని హోటల్ రిసెప్షన్‌లో చెప్పి పెట్టండి.

- విమానం దిగేది లా పాజ్‌కి పైనున్న ఎల్ ఆల్టో ఊళ్లో, సుమారు 4,060 మీటర్ల ఎత్తున. గది మాత్రం కింద నగరంలో తీసుకోండి. జోనా సుర్ (నగరం దక్షిణ భాగం) వైపు ఇంకా తక్కువ ఎత్తు, నిద్ర కాస్త నయం.

- డయామాక్స్ (ఎత్తు వల్ల జబ్బు చేయకుండా వేసుకునే మాత్ర) వాడేట్టయితే అంత ఎత్తుకి వెళ్లడానికి ముందురోజే మొదలవ్వాలి. సల్ఫా మందులు పడనివాళ్లు డాక్టర్‌కి ఆ మాట ముందే చెప్పాలి.

- మొదటి రాత్రులు మద్యం, నిద్రమాత్ర రెండూ వద్దు, నిద్రలో శ్వాస ఇంకా మందగిస్తుంది.

- ఊరంతా ఎత్తుపల్లాలే, నడిచి చూద్దామనుకోకండి, కేబుల్ కార్ ఎక్కండి.

- మామూలు బట్టల్లో వచ్చి "పోలీస్" అంటూ పాస్‌పోర్ట్, డబ్బు చూపించమని, టాక్సీ ఎక్కమని అడిగితే ఎక్కొద్దు. అక్కడ ఇది పాత మోసం.

- కోకా టీ అక్కడే తాగేయండి. కొకైన్ తయారయ్యేది ఈ కోకా ఆకులతోనే, వాటిని బ్యాగులో వేసుకొస్తే మన మాదకద్రవ్యాల చట్టం కింద కేసే.

- ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ లేకుండా బొలీవియా నుంచి ఇండియాకి తిరిగొస్తే 6 రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచొచ్చు. టీకా వేయించుకున్న 10 రోజులకి గానీ అది చెల్లదు, ఇప్పుడే చూసుకోండి.