నాలుగో నెలలో నిద్ర చెడితే
మా పాపకు నాలుగో నెల రాగానే రాత్రి గంటకోసారి లేవడం మొదలైంది. బెంగళూరులో మా ఫ్లాట్ కిటికీలోంచి వీధి దీపం వెలుగొకటి. పాలు తాగుతూనే నిద్రపోయే అలవాటుంటే, మెలకువ వచ్చిన ప్రతిసారీ మళ్లీ పాలే కావాలి. అందుకే పడుకోబెట్టడానికి అరగంట ముందే పాలు పట్టేశాను. తేన్పు వచ్చాక మందపాటి కర్టెన్ వేసి, జోకొట్టి, కళ్లు మూతలు పడుతుండగా, ఇంకా పూర్తిగా నిద్రపోకముందే వెల్లకిలా పడుకోబెట్టాను. రాత్రి కాస్త మూలిగితే 2 నిమిషాలు ఆగి చూశాను. చాలాసార్లు తనే సర్దుకుని పడుకుంది, బంగారుతల్లి! కుదురుకోవడానికి 10 రోజులు పట్టింది.

పగలు పాప వరుసగా 2 గంటలకు మించి మేలుకుని అలిసిపోతే ఇది పనిచేయదు. ఆకలేస్తే పాలు పట్టాల్సిందే. జ్వరం ఉన్నా, బరువు పెరగకపోయినా డాక్టరుకు చూపించండి.