కాపర్ మిసెల్ ద్రావణం తెల్లబడుతోందా? నా అనుభవం

డీల్స్-ఆల్డర్ చర్య (రెండు కర్బన అణువులు కలిసి వలయంగా మారే చర్య) కోసం కాపర్ డోడెసైల్ సల్ఫేట్ ద్రావణం కలిపితే లేత నీలంగా, తేటగా ఉండేది. ఇందులో సబ్బులాంటి అణువులు చిన్న గుంపులుగా చేరతాయి, వాటినే మిసెల్‌లు అంటారు. పీహెచ్ చూసిన కాసేపటికే తెల్లటి పీచులు తేలేవి. నీళ్లు, కాపర్ సాల్ట్, ఎస్‌డీఎస్ (సోడియం డోడెసైల్ సల్ఫేట్) సీసా అన్నీ మార్చాను, దండగ.

ఒకరోజు పరీక్షగా చూస్తే తెలుపు పీహెచ్ ఎలక్ట్రోడ్ కొన దగ్గరే మొదలవుతోంది. ఎలక్ట్రోడ్ లోపల ఉండేది గాఢమైన పొటాషియం క్లోరైడే కదా! అది కొన గుండా కొద్దికొద్దిగా బయటికి ఊరి, డోడెసైల్ సల్ఫేట్‌తో కలుస్తుంది. పొటాషియం డోడెసైల్ సల్ఫేట్ మామూలు గది వేడిలో సరిగ్గా కరగదు.

ముందు ఎలక్ట్రోడ్ కొనను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి కడిగాను. కొత్త ద్రావణంలో పొటాషియం సాల్ట్ ఏదీ పడకుండా, సోడియం నైట్రేటే వేశాను. తర్వాత 5 మిల్లీలీటర్లు వేరే బీకరులోకి తీసి, అందులోనే పీహెచ్ చూసి, దాన్ని పారబోశాను. అసలు ద్రావణం సాయంత్రం దాకా తేటగానే ఉంది.

ఏసీ మరీ చల్లగా ఉంటే కాపర్ డోడెసైల్ సల్ఫేటే గట్టిపడి విడిపోవచ్చు, అప్పుడు ఈ చిట్కా పనిచేయదు. కాపర్‌ బదులు జింక్‌తో నేను చేసి చూడలేదు.