బెడ్‌సోర్ రాకముందే ఆపాలంటే: వార్డులో కొత్తగా చేరిన సిస్టర్స్‌కి

ఎయిర్ బెడ్ వేశాం కదా, ఇంక పేషెంట్‌ని తిప్పక్కర్లేదు అనుకుంటారు చూడండి, పడుకున్నచోట ఒత్తిడికి వచ్చే ఈ పుండ్లు చాలావరకు అక్కడే మొదలవుతాయి. ఎయిర్ బెడ్‌తో ఒత్తిడి తగ్గుద్దంతే, పూర్తిగా పోదు, రెండు గంటలకోసారి పక్క మార్చడం మాత్రం మనమే చెయ్యాలి.

అడ్మిషన్ రోజే తల వెనక నుంచి మడమల దాకా మొత్తం చూసి కేస్ షీట్‌లో రాసేయండి, పుండు ఇంటి దగ్గరే వచ్చిందా మన దగ్గర వచ్చిందా అని రేపు గొడవైతే ఆ రాతే దిక్కు. బ్రేడెన్ స్కోర్ (పుండు పడే రిస్క్ ఎంతుందో లెక్కేసే స్కోర్) కూడా వెయ్యండి, 23కి 18 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే రిస్క్ ఉన్నట్టే.

ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదలండి, తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే ఇంకా టైముంది, తెల్లబడకపోతే అది స్టేజ్ 1, అంటే పుండు మొదటి దశ. కానీ మన పేషెంట్లలో నల్లగా, చామనఛాయగా ఉండేవాళ్ళే ఎక్కువ కదా, ఎరుపు అంత తేలిగ్గా కనపడదు, అందుకే చేత్తో తాకి పక్కనున్న చర్మం కన్నా వేడిగా ఉందా, గట్టిగా ఉందా, నొప్పంటున్నారా చూడాలి.

పక్కకి తిప్పేటప్పుడు పూర్తిగా తుంటి మీద పడుకోబెట్టొద్దు, వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు వంచితే చాలు. దిండు పిక్కల కింద పెట్టి మడమలు గాల్లో ఉంచండి. నీళ్ళు నింపిన గ్లోవ్స్, గుండ్రటి రింగులు ఇంకా వాడుతున్నారు, దయచేసి ఆపండి, రింగు అంచు నొక్కుకుని రక్తం ఆడదు. స్పిరిట్, పౌడర్ వేసి రుద్దడం కూడా అంతే, స్పిరిట్‌కి చర్మం ఎండిపోద్ది, ఎర్రబడినచోట రుద్దితే లోపల ఇంకా దెబ్బతింటుంది. పైకి జరపాలంటే చంకల్లో చేతులేసి లాగకుండా ఇద్దరు పట్టుకుని డ్రా షీట్‌తో (పేషెంట్ నడుం కింద అడ్డంగా వేసే దుప్పటి) ఎత్తండి. రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం) ఫీడ్‌కి తల ఎత్తక తప్పదు, అప్పుడు మోకాళ్ళు కూడా కొంచెం ఎత్తితే కిందకి జారరు.

మోషన్ అయితే వెంటనే తుడిచి, అద్ది ఆరబెట్టి, జింక్ ఆక్సైడ్ క్రీమ్ పల్చగా రాయాలి. మాకింటోష్ (పరుపు మీద వేసే రబ్బరు షీట్) నేరుగా ఒంటికి తగిలిందంటే చెమటకి చర్మం నానిపోద్ది.

అందరూ మర్చిపోయేవి ట్యూబులు. ఆక్సిజన్ మాస్క్ కింద ముక్కు దూలం, చెవుల వెనక తాడు, తొడ కింద నలిగే కాథెటర్ (యూరిన్ గొట్టం), రోజూ వీటిని కొంచెం జరిపి కింద చర్మం చూడాలి. ముసలివాళ్ళకి, నెలలు నిండని పిల్లలకి ప్లాస్టర్‌తో పాటే చర్మం ఊడొస్తుంది, ఒక చేత్తో చర్మం అదిమిపెట్టి, ప్లాస్టర్‌ని వెనక్కి మడుస్తూ నిదానంగా తీయండి.

డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్‌లో "బ్యాక్ ఓకే సిస్టర్" అని నోటిమాటగా చెప్తే ఒప్పుకోవద్దు, ఇద్దరూ కలిసి దుప్పటి తీసి చూశాకే సంతకం పెట్టండి.