ఇండోర్ మొక్కను పూతకు మళ్లించాలంటే లైట్ల టైమింగ్ ఎలా మార్చాలి?

ఇంట్లో మొక్కల కోసం వేసే గ్రో లైట్ల కింద పెరిగే చామంతి, కలాంచో, పాయిన్‌సెట్టియా ఆకులతో గుబురుగా ఉంటాయి గానీ ఎన్నాళ్లైనా మొగ్గ వేయవు. చాలామంది వెంటనే ఎరువు మారుస్తారు. దానివల్ల ఒరిగేదేమీ ఉండదు. ఈ మొక్కలకు పొడవైన రాత్రి దొరికితేనే పూత మొదలవుతుంది.

మేరీలాండ్ మామత్ అనే పొగాకు రకం వేసవంతా ఏపుగా ఎదిగినా పూత పట్టేది కాదు. పగటి పొడవే దానికి కారణమని గార్నర్, అలార్డ్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు 1920లో ప్రకటించారు. మొక్క నిజానికి లెక్కపెట్టేది మధ్యలో తెగని చీకటి గంటలని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. అందుకే టైమర్ పెట్టేటప్పుడు లైటు ఎన్ని గంటలు వెలగాలని కాకుండా ఎన్ని గంటలు ఆరి ఉండాలని లెక్క వేసుకోండి.

1. మీ మొక్క ఏ రకమో చూసుకోండి

పైన చెప్పిన మూడూ పొడవైన రాత్రి కోరేవే. పెట్యూనియా, ఫ్యూషియాలది దీనికి తిరుగుడు, వాటికి పొడవైన పగలు కావాలి. ఆఫ్రికన్ వయొలెట్, ఆంథూరియం లాంటివి రాత్రి పొడవును పట్టించుకోవు, చాలినంత వెలుతురు ఉంటే పూస్తాయి. వాటికి లైటు గంటలు తగ్గిస్తే నష్టమే.

2. ముందు మొక్కను ఎదగనివ్వండి

ఎదిగే దశలో రోజుకు 16 గంటల లైటు సరిపోతుంది. కొమ్మలు కావాలంటే చివర్లు తుంచే పని ఈ దశలోనే ముగించండి. చామంతికైతే చివరిసారి తుంచాక రెండు వారాలు ఆగి, పక్క చిగుళ్లు లేచాక షెడ్యూల్ మార్చండి. చిన్న మొక్కను తొందరపడి పూతకు మళ్లిస్తే నాలుగు పూలతో సరిపెట్టుకోవాల్సి వస్తుంది.

3. టైమర్ మార్చండి

కలాంచో, పాయిన్‌సెట్టియాలకు 10 గంటల లైటు, 14 గంటల చీకటి పెట్టండి. ఉదాహరణకు ఉదయం 8కి వెలిగి సాయంత్రం 6కి ఆరిపోవాలి. చామంతికి 12 నుంచి 13 గంటల చీకటి చాలు. రోజుకు అరగంట చొప్పున తగ్గించుకుంటూ రావాల్సిన పని లేదు, ఒకేసారి మార్చేయవచ్చు. చేత్తో స్విచ్ వేస్తానంటే మాత్రం నాలుగో రోజుకే మర్చిపోతారు, టైమర్ కొనండి. ముల్లు తిరిగే టైమర్ కరెంటు పోతే అక్కడే ఆగి, ఆ మేరకు వెనకబడుతుంది. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్‌తో ఆ టెన్షన్ ఉండదు.

4. చీకటి నిజంగా చీకటేనా?

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఆకుల్లో ఫైటోక్రోమ్ అనే పదార్థం ఉంటుంది. సుమారు 660 నానోమీటర్ల ఎర్రని వెలుగు తగిలితే అది ఇంకా పగలేనన్నట్టు పనిచేస్తుంది. మామూలు తెల్ల బల్బులోనూ ఆ ఎరుపు ఉంటుంది. అర్ధరాత్రి కాసేపు లైటు పడినా మొక్క దృష్టిలో పొడవైన రాత్రి రెండు పొట్టి రాత్రులైపోతుంది. చామంతి అప్పుడే పూయకూడదనుకున్న పెంపకందారులు కావాలనే రాత్రి మధ్యలో లైట్లు వేస్తారు. వాళ్లకు పనికొచ్చేదే మనకు అడ్డం.

లైట్లు ఆరాక గదిలో ఐదు నిమిషాలు నిలబడి చూడండి. తలుపు సందు, కిటికీ, వీధి దీపం, రౌటర్ మీది చుక్క లైటు అన్నీ అప్పుడు బయటపడతాయి. గది మొత్తాన్ని మూయలేకపోతే రోజూ అదే వేళకు మొక్క మీద అట్టపెట్టె బోర్లించి, ఉదయం తీసేయండి. ఆకుపచ్చ లైటు వేస్తే ఫర్వాలేదని చెబుతుంటారు గానీ దాన్ని నమ్ముకోకండి. నీళ్లు పగలే పోయండి. ఒక్క రాత్రి పొరపాటున లైటు పడితే సాధారణంగా కొంప మునగదు, అదే అలవాటైతే పూత మీద ఆశ వదులుకోవాల్సిందే.

5. తగ్గిన వెలుతురు భర్తీ చేయండి

ఉదాహరణకు చామంతికి 16 గంటల నుంచి 12కి వస్తే మొక్కకు రోజు మొత్తంలో అందే కాంతిలో నాలుగో వంతు పోతుంది. డిమ్మర్ (వెలుతురు తగ్గించి పెంచే స్విచ్) ఉంటే వెలుతురు మూడో వంతు పెంచండి. లేకపోతే లైటును కొద్దిగా కిందికి దించి, ఆకు అంచులు మాడుతున్నాయేమో గమనిస్తూ ఉండండి.

6. వేడి చూసుకుంటూ ఆగండి

రాత్రి బాగా వేడిగా ఉంటే షెడ్యూల్ సరిగ్గా ఉన్నా పూత ఆలస్యమవుతుంది. పాయిన్‌సెట్టియాకు రాత్రి 21 డిగ్రీలు దాటకుండా ఉంటే మేలు. కప్పిన పెట్టెలో కూడా వేడి చేరుతుంది, చూసుకోండి. కలాంచోకు సుమారు ఆరు వారాల పొడవు రాత్రులు పడతాయి. పాయిన్‌సెట్టియాకు ఎనిమిది నుంచి పది వారాలు కావాలి. చామంతిలో రకాన్ని బట్టి మారుతుంది.

కలాంచోలో మొగ్గలు స్పష్టంగా కనిపించాక కప్పడం మానేయవచ్చు. చామంతికి మాత్రం మొగ్గల్లో రంగు కనిపించేదాకా పాత లెక్కే కొనసాగించండి, మధ్యలో వదిలేస్తే మొగ్గలు సరిగా విచ్చుకోవు. పూలు అయిపోయాక కొమ్మలు కత్తిరించి, టైమర్‌ను మళ్లీ 16 గంటలకు తిప్పితే కొత్త చిగుళ్లు వస్తాయి.