పడుకోగానే మొదలయ్యే టెన్షన్: నాకు పనికొచ్చిన పద్ధతి

కుటుంబ ప్రార్థన చేసుకుని పడుకున్నా, లైటు ఆర్పగానే పాప ఫీజు, అమ్మ షుగర్ రిపోర్టు బుర్రలో తిరిగేవి. పాటలు వినడం, ఫోన్ దూరం పెట్టడం, ఇంకాసేపు మోకరించడం, ఏదీ నిలవలేదు.

పనిచేసింది బైబిల్లో అపొస్తలుడు పౌలు రాసిన పత్రిక, ఫిలిప్పీయులకు 4:6-8, అదీ వరస తప్పకుండా. చింతపడకుండా కృతజ్ఞతతో ప్రార్థించమని, సత్యమైనవాటి మీద మనసు పెట్టమని చెప్పే వచనాలవి. ముందు చింతను ఉన్నదున్నట్టు కాగితం మీద రాస్తాను: "పదో తారీఖులోపు ఫీజు కట్టాలి, లేకపోతే పేరు తీసేస్తారు." దాని కిందే, అదే విషయంలో ఒక కృతజ్ఞత: "పోయిన టర్ము కట్టగలిగాం." రెండూ పైకి చదివి ప్రార్థిస్తాను. అప్పుడు 8వ వచనం. రాసినదాంట్లో సత్యమైనది ఏదో చూసి, మిగతాది కొట్టేస్తాను. "పేరు తీసేస్తారు" అని ఎవరూ అనలేదు, అది నా ఊహే! పౌలు కూడా ఇది చెరలో, బంధకాల్లో ఉండే రాశాడు.

అందరికీ కుదురుతుందో లేదో చెప్పలేను. అసలు నిద్రే పట్టకపోతే, గుండెదడ ఉంటే డాక్టరుకు చూపించుకోండి. ప్రార్థన ఎటూ మానక్కర్లేదు.