విల్లుకు సైటు చేసుకుందాం – 3వ పాఠం: ఒక చుట్టుకు ఎన్ని సెంటీమీటర్లు?

సైటు అంటే గురి చూసే పరికరం. రైజర్‌కు, అంటే విల్లు నడిమి పిడి భాగానికి, బిగించే పలక, దాని నుంచి ముందుకు చాచిన కడ్డీ కిందటి పాఠంలో పూర్తయ్యాయి. ఇప్పుడు ఆ కడ్డీ కొసన నిలువుపట్టీ, దాని మీద పైకీ కిందికీ జరిగే గురిరింగు రావాలి. చాలామంది ఇక్కడ చేతికి దొరికిన స్క్రూ బిగించేస్తారు. దయచేసి ముందు లెక్క వేయండి.

విల్లు పూర్తిగా లాగి పట్టుకుని, కంటి నుంచి రింగు వరకు ఉన్న దూరాన్ని స్నేహితుడి చేత టేపుతో కొలిపించండి. బాణం ఎక్కుపెట్టవద్దు. అలాగని నారిని వదిలేసినా విల్లు విరగవచ్చు, నెమ్మదిగా దించండి. మన లెక్కకు ఆ దూరం 84 సెంటీమీటర్లు అనుకుందాం. లక్ష్యం 70 మీటర్లు, అంటే 7000 సెంటీమీటర్లు. 84ను 7000తో భాగిస్తే 0.012, అంటే లక్ష్యం మీద ఒక సెంటీమీటరుకు రింగు జరగాల్సిన సెంటీమీటర్లు. బాణాలు 10 సెంటీమీటర్లు ఎత్తున దిగుతుంటే రింగు జరగాల్సింది 1.2 మిల్లీమీటర్లే. అదే 30 మీటర్ల దగ్గరైతే 2.8 మిల్లీమీటర్లు.

ఎటు జరపాలి? బాణం ఎటు పోతే రింగు అటే. పైన దిగితే పైకి, ఎడమకు పోతే ఎడమకు.

ఇక స్క్రూ సంగతి. ఎం6 స్క్రూ, అంటే 6 మిల్లీమీటర్ల మందం ఉన్నది, ఒక చుట్టుకు 1 మిల్లీమీటరు కదులుతుంది. 70 మీటర్ల దగ్గర అది 8.3 సెంటీమీటర్లవుతుంది. అక్కడి 122 సెంటీమీటర్ల లక్ష్యంలో పది పాయింట్ల వలయం మధ్య నుంచి అంచుకు 6.1 సెంటీమీటర్లే. ఒక్క చుట్టుతో నడిమధ్య బాణం కాస్తా వలయం దాటిపోతుంది! ఎం4లో చుట్టుకు 0.7 మిల్లీమీటర్లు, లక్ష్యం మీద 5.8 సెంటీమీటర్లు. పావు చుట్టు తిప్పితే ఒకటిన్నర సెంటీమీటర్లలోపే మార్పు. నా ఓటు ఎం4కే.

అయితే ఒక చిక్కు ఉంది. గాలి నిరోధాన్ని పక్కన పెడితే, సెకనుకు 55 మీటర్ల వేగంతో వెళ్లే బాణానికి 30 నుంచి 70 మీటర్లకు మారినప్పుడు రింగు దాదాపు ఐదున్నర సెంటీమీటర్లు కిందికి దిగాలి. వేగం 40 అయితే పది దాటుతుంది. నేర్చుకునేవారి విల్లు మెత్తనిది కాబట్టి పట్టీ 12 సెంటీమీటర్లు ఉంచండి. అంత పొడవునా ఎం4 తిప్పాలంటే 170 చుట్లు దాటతాయి, మైదానంలో ఎవరికీ ఓపిక ఉండదు. అందుకే కదలికను రెండుగా విడదీద్దాం. పట్టీ మీద జారే దిమ్మెను బొటనవేలి స్క్రూతో కావలసిన గీత దగ్గర బిగిస్తాం. ఆ దిమ్మెలోనే ఒకటిన్నర సెంటీమీటర్ల మేర రింగును ఎం4 నడుపుతుంది.

పట్టీకి అల్యూమినియం చాలు. మరలు పడే ముక్క మాత్రం ఇత్తడిదే కావాలి, అల్యూమినియంలో మరలు త్వరగా అరుగుతాయి. నెల్లూరులోగానీ ఒంగోలులోగానీ లేత్ షాపులో ‘ఎం4, పిచ్ 0.7’ అని కాగితం మీద రాసి ఇవ్వండి, పిచ్ అంటే చుట్టుకు జరిగే దూరం. స్క్రూకు ఒక స్ప్రింగు తొడిగితే మరల మధ్య వదులు పోతుంది. లేకపోతే తిప్పే దిశ మారిన ప్రతిసారీ మొదటి కాస్త తిప్పు వృథా అవుతుంది, మీ గీతలను మీరే నమ్మలేరు.

పట్టీ నారికి సమాంతరంగా ఉందో లేదో తాపీమేస్త్రి వాడే తూకం గుండుతో చూడండి. ఆ ఐదున్నర సెంటీమీటర్లలో పట్టీ 1 మిల్లీమీటరు పక్కకు వాలినా, 30 దగ్గర సరిచూసిన గురి 70 దగ్గర 8.3 సెంటీమీటర్లు తప్పుతుంది. ఈ పరీక్షను మాత్రం వదలవద్దు.

పక్కలకు జరిపే స్క్రూ కూడా ఎం4దే. మన కోస్తాలో, కావలి అయినా కొత్తపట్నం అయినా, మధ్యాహ్నం సముద్రపు గాలి తూర్పు నుంచి లేస్తుంది. ఎండ కంట్లో పడకుండా ఉత్తరానికి గురిపెడతాం కనుక బాణాలు ఎడమకు తేలతాయి. గాలి నిలకడగా ఉంటేనే స్క్రూ ముట్టుకోండి. తెరలుతెరలుగా వస్తుంటే ఆగి వేయండి.

రింగులో అద్దం పెట్టాలన్న ఆశ పుట్టవచ్చు. జ్యోతి సురేఖ ఆడే కాంపౌండ్ (కప్పీలున్న విల్లు) విభాగంలో భూతద్దానికీ లెవెల్ బుడగకూ అనుమతి ఉంది, రికర్వ్‌లో (కొసలు ముందుకు వంగిన విల్లు) రెండూ నిషిద్ధం.

వచ్చే పాఠానికి అభ్యాసం: మీ కంటి దూరంతో, 50 మీటర్ల లక్ష్యానికి, ఎం4 ఒక చుట్టుకు లక్ష్యం మీద ఎన్ని సెంటీమీటర్లు జరుగుతుందో లెక్కించండి. కంటి దూరం 84 అయితే జవాబు 4.2 రావాలి.